రేకు నడుమ పెట్టిన రాయి

మొన్న ఆదివారం మధ్యాహ్నం మూడూ ఇరవైకి పక్కింటి కారు షెడ్డు మీద ఒక రేకు టపటపా కొట్టుకోవడం మొదలైంది. ఆ చప్పుడుకు మెలకువ వచ్చి మొదట గోడ గడియారమే చూశాను కాబట్టి టైము గుర్తుంది. కల్వకుర్తిలో ఎండాకాలం గాలి కొత్తేమీ కాదు. పక్కింటాయన బస్సు కండక్టరు, మంచి మనిషి. గోడ మీంచి తల పెట్టి, "సార్, మీ మొక్కల కాడి ఇటుక ఒకటియ్యరాదు, గా రేకు మీద పెడ్త" అన్నాడు. "ఇటుక వద్దు, మేస్త్రీని పిలిచి బోల్టు వేయించు" అన్నాను. అవసరమైన దానికంటే గట్టిగా అన్నట్టున్నాను. ఆయన నవ్వి, "ఇటుకకే గంత కోపమా సార్" అని గోడ అవతలికి దిగిపోయాడు. నాకు మళ్లీ నిద్ర పట్టలేదు.

మా మేనత్త వాళ్లది నల్లగొండ వైపు ఒక చేనేత ఊరు. ముందు గది పెంకులది, వెనకాల మగ్గం గది రేకులది. ఏటా ఉగాది దాటగానే మామ నిచ్చెన వేసుకుని పైకెక్కి, ఆ రేకుల మీది రాళ్లను ఒక్కొక్కటీ కదిపి చూసి, మళ్లీ సర్ది పెట్టేవాడు. ఊళ్లో అందరూ రేకుల మీద రాళ్లు పెట్టేవారే గాని, మామకు దానిలో ఒక పద్ధతి ఉండేది. గోడ వెంట మాత్రమే పెట్టేవాడు. "రాయి కింద గోడ ఉండాలె, మనిషి ఉండొద్దు" అనేవాడు. మాటలు తక్కువ మనిషి కాబట్టి ఆయన చెప్పిన నాలుగు మాటలూ మాకు కంఠతా వచ్చు. మగ్గం మీద కూర్చుంటే గంటకోసారి దగ్గు, రెండు గంటలకోసారి చాయ్, అంతే. మిగతా మాట్లాడే పని మొత్తం అత్త చూసుకునేది.

తెలంగాణ వచ్చిన నాలుగైదేళ్లకు జరిగిన సంగతి ఇది. బడికి వేసవి సెలవులు. నేను టీచరును కాబట్టి సెలవుల్లో చుట్టాల ఇళ్లకు వెళ్లడం, వెళ్లేటప్పుడు ఒక లావుపాటి పుస్తకం సంచిలో పెట్టుకోవడం అలవాటు. ఆ పుస్తకం ఎక్కువగా ముఖం మీద కప్పుకోవడానికి పనికొచ్చేది. ఆ మధ్యాహ్నం పచ్చిపులుసుతో కడుపునిండా తిని ముందు గదిలో నులక మంచం మీద వాలాను. మగ్గం గదిలో ఒక రేకు కొక్కెం ఊడినట్టుంది, చిన్న గాలికే కొట్టుకుంటోంది. దాని కిందే కూర్చుని మామ నేస్తున్నాడు. ఆయనకు ఆ చప్పుడు పట్టలేదు. నాకు పట్టింది.

లేచి, బావి గట్టు దగ్గర పడి ఉన్న పగిలిన ఇసుర్రాయి సగం చెక్క తీసుకుని నిచ్చెన ఎక్కాను. అది అత్తకు పుట్టింటి నుంచి వచ్చిన ఇసుర్రాయి. పగిలినా పారేయలేదు, దాని మీద బట్టలు ఉతికేది. గోడ వెంట పెట్టి చూశాను. చప్పుడు ఆగలేదు. ఊడిన చోటు రేకు నడుమ ఉంది. నడుమ పెట్టాను, ఆగింది. లోపలి నుంచి మామ గొంతు వినిపించింది. "అల్లుడా, రాయి గోడ మీదికి జరుపు."

రెండు గంటల ఎండకు రేకు కాలిపోతోంది. అప్పటికే అరికాళ్లు మండుతున్నాయి.

"జరిపిన మామా" అన్నాను. దిగి వచ్చి పడుకున్నాను.

ఎంతసేపు పడుకున్నానో తెలియదు. లేచేసరికి గదిలో చీకటి కమ్మింది, పడమర ఆకాశం ఎర్రమన్ను రంగుకు తిరిగింది. అత్త రోకలి తెచ్చి వాకిట్లో పడేసింది. అలా చేస్తే వడగండ్లు ఆగుతాయని ఆమె నమ్మకం. వడగండ్లు రాలేదు. సుడిగాలి వచ్చింది. లారీ ఇంట్లోకి వస్తున్నంత మోత. మామ బయటికి పరుగెత్తలేదు. మగ్గం మీద రంగులేసిన పడుగు ఉంది. ఆ నిలువు దారాల మీద నీళ్లు పడితే నెలరోజుల రంగు ఒకదాంట్లోకి ఒకటి కారిపోతుంది. నేతగాడెవరైనా ముందు దానినే చూస్తాడు. మామ పట్టా తెచ్చి పడుగు మీద కప్పుతున్నాడు. రేకు లేచింది. ఇసుర్రాయి చెక్క లోపలికి జారి ఆయన కుడి భుజం మీద పడింది. గోడ వెంట పెట్టిన రాళ్లు గోడ అవతల వాకిట్లో పడ్డాయి. ఒక్కటీ లోపల పడలేదు.

సుడి వెళ్లిన దారి గీత గీసినట్టు ఉండింది. ఆ గీతలో ఉన్న బత్తాయి తోట వేళ్లతో సహా పడిపోయింది, పచ్చి కాయలు మోకాలిలోతు. తాటిచెట్లు నడుముకు విరిగాయి. చర్చి ముందరి రేకుల పందిరి కరెంటు స్తంభానికి చుట్టుకుంది. గీత పక్కన ఒకరి అరుగు మీద ఆరబెట్టిన వడియాలు కదలలేదు. మూడోరోజు పక్క ఊరి రైతు ఒకాయన మా అత్త వాళ్ల దొడ్డి తలుపును ట్రాక్టరులో వేసుకొచ్చి, "అక్కా, మీ ఇల్లే మా చేన్లకొచ్చింది, తీస్కో" అన్నాడు. బత్తాయి తోట పోయిన రైతు కూడా ఆ మాటకు నవ్వాడు. నవ్వి, పడిపోయిన చెట్టు మీదే కూర్చున్నాడు.

దవాఖానలో మామ మంచం పక్కన నేను గ్లూకోజు సీసా పట్టుకుని నిలబడి ఉన్నాను, స్టాండు దొరకలేదు. అత్త అడిగింది: "నా ఇసుర్రాయి రేకు మీదికెట్ల పోయింది? ఎవరు పెట్టిన్రు?"

మామ కళ్లు తెరవకుండానే "నేనే పెట్టిన" అన్నాడు.

నా చెయ్యి పైకే ఉంది. బడిలో జవాబు తెలిసిన పిల్లవాడు ఎత్తినట్టు. నోరు మాత్రం తెరవలేదు.

భుజం అతికింది గాని చెయ్యి పైకి లేవలేదు. మామ మళ్లీ మగ్గం ఎక్కలేదు. అత్త ఎక్కింది. ఆయన ఆమె పక్కన కూర్చుని ఎడమ చేత్తో అడ్డదారం కండెలు చుట్టి అందించేవాడు. నేసినంతసేపూ అత్త తిట్టేది. "ఊరందరికి చెప్తివి, రాయి కింద గోడ ఉండాలె అని. నీ నెత్తి మీదికి నువ్వే పెట్టుకుంటివి. తెలివి ఏడ తాకట్టు పెట్టినవ్?" మామ దారం తెగితే ముడి వేస్తూ, "గాలిని తిట్టు, నన్నెందుకు" అనేవాడు. నేను నెలకోసారి వెళ్లేవాణ్ని, పళ్లూ మందులూ పట్టుకుని. ఆమె తిట్టేటప్పుడు పుస్తకం తెరిచేవాణ్ని. ఒక్క పేజీ కూడా తిప్పిన గుర్తు లేదు.

ఒకసారి ఆమె నీళ్లకు వెళ్లినప్పుడు, "మామా, ఇయ్యాల అత్తకు చెప్పేస్త" అన్నాను.

"ఊకో అల్లుడా. ఆమె తిడితే నాకు పొద్దు పోతది. నిన్ను తిడితే నువ్వు ఈడికి రావు" అన్నాడు. తరువాత ఎడమ చేత్తో కండె నా ముందుకు తోసి, "గీ కండె పట్టుకో, పని చెయ్యి" అన్నాడు.

ఊకో అన్న ఆ మాట నాకు అనుమతిలా అనిపించింది. అనుమతి దొరికితే ఊరట కలిగిందని ఒప్పుకోవాలి.

నాలుగేళ్లకు మామ నిద్రలో పోయాడు. అత్త ఫోటో కట్టించి మగ్గం గదిలోనే తగిలించింది. పొద్దున్నే దీపం పెట్టి, మగ్గం మీద కూర్చుని, ఫోటో వైపు చూడకుండానే మొదలుపెట్టేది. "పోయినవు, మంచిగున్నది నీకు. రాయి పెట్టుడు తెల్వదు గాని పోవుడు తెలుసు." వినేవాళ్లకు నవ్వొచ్చేది. నాకు ఇక వినే శక్తి లేకపోయింది.

సంవత్సరీకం నాడు, చుట్టాలు వెళ్లిపోయాక, మొత్తం చెప్పాను. రాయి నేను పెట్టానని, జరపమంటే జరిపానని అబద్ధం చెప్పానని. ఆమె నన్ను తిడుతుందని ఎదురు చూశాను. ఐదేళ్లుగా ఆ తిట్లు నావని, నాకు అందాలని అనుకుంటూ ఉన్నాను. పడుగులో అటూ ఇటూ దారం వేసే నాడె ఆమె చేతిలో ఆగిపోయింది. "నాలుగేండ్లు తిడితిని గద బిడ్డా ఆయన్ను" అంది. నాడె పక్కన పెట్టి, "ఒక్కనాడన్న చెప్పకపోయె" అంది. చెప్పనిది ఆయనో నేనో ఆమె అనలేదు, నేను అడగలేదు. నాకు అన్నం పెట్టింది. రోజూ కంటే ఇంకొంచెం పప్పు వేసింది.

నేను చెప్పింది ఆమె కోసమని దారిలో బస్సులో అనుకున్నాను. దిగేసరికి ఆ మాట నిలబడలేదు. మామ బతికున్న నాలుగేళ్లలో ఏ రోజు చెప్పినా అది నిజం చెప్పడం అయ్యేది. ఆ తర్వాత చెప్పింది బరువు దించుకోవడం, అదీ ఆమె మీదికి.

మగ్గం గదికి ఇప్పుడు స్లాబు వేయించాం. అత్త పొద్దున్నే లేస్తుంది, దీపం పెడుతుంది, మగ్గం ఎక్కుతుంది. ఆ ఇంట్లో ఇప్పుడు మామను ఎవరూ తిట్టరు.