మా నాయన పరీక్షించిన బిళ్ళ

మా నాయనకు మనుషుల మాట మీద నమ్మకం తక్కువ, మెషిన్ మాట మీద ఎక్కువ. ప్రొద్దుటూరులో మాది బంగారు అంగడి. నగలో బంగారం ఎంతుందో చెప్పే మెషిన్ ఒకటి గల్లాపెట్టె పక్కనే ఉంటుంది. నగను లోపల పెట్టి మూత వేస్తే ఎక్స్-రేలు పడతాయి, కాసేపటికి తెర మీద బంగారం ఇంత, వెండి ఇంత, రాగి ఇంత అని వస్తుంది. అది కొన్న కొత్తలో ఇంట్లో మెరిసేదల్లా దాని కడుపులోకి పోయొచ్చింది. మా అవ్వ ముక్కుపుడక, దేవుని గంట, ఆఖరికి బడిలో నాకిచ్చిన మెడల్ కూడా. మెడల్‌లో బంగారం చుక్క కూడా లేదని తేలాక మా హెడ్మాస్టరును ఒక వారం తిట్టాడు.

అట్లాంటి ఇంటి నుంచి నేను ఫిజిక్స్ చదివి, ఆ తర్వాత రేడియేషన్ నుంచి మనుషులను కాపాడే చదువులో చేరాను. చదువులో చివరి ఆరు నెలలు శిక్షణ. నాకు పడింది మా జిల్లాలోనే, వేముల దగ్గరి యురేనియం గని. ఇంట్లో ఒక్కరికీ ఇష్టం లేదు. "బంగారం తవ్వే గనికి పంపిచ్చినా అర్థముంది, ఇదేం గని మ్మే?" అన్నాడు నాయన. శనివారం సాయంత్రం ఇంటికొచ్చి సోమవారం పొద్దున పోవాలన్న షరతు మీద ఒప్పుకున్నాడు. పులివెందులలో ఆడపిల్లల హాస్టల్లో మంచం తీసుకున్నాను.

సొరంగంలోకి దిగిన మొదటి రోజే నాకు ఊపిరాడలేదు. వెనక్కి చూస్తే వెలుగు రూపాయి బిళ్ళంత, ఇంకాస్త దిగితే అదీ లేదు. తల మీద రాయి, పక్కన రాయి, చెవుల నిండా గాలి పంకాల మోత. మీటరు పట్టుకుని ఒక్కో చోట రేడియేషన్ ఎంతుందో కొలవడం, పుస్తకంలో రాయడం మా పని. కొలతలు ఉండాల్సినంతలోనే ఉండేవి. నా భయం కొలతలకు అందేది కాదు. ఆరు నెలలు ఎట్లా ఈడుస్తానా అని రోజూ దిగులుపడేదాన్ని.

నన్ను వెంట తిప్పడానికి ఒకాయనకు అప్పగించారు. వేముల పక్క పల్లె, యాభైకి దగ్గర పడిన మనిషి. గనిలో అందరూ ఆయనను మామా అనేవాళ్ళు, నేను అన్నా అనేదాన్ని. నేను తల మీది రాయి వైపే చూస్తూ నడవడం ఆయన మొదటి రోజే గమనించాడు. "మీటరు పక్క చూడు పాపా, రాయి పక్క చూడాకు" అన్నాడు. అప్పటినుంచి అట్లాగే నడిచాను. ఆయన ఏళ్ళ తరబడి కాంట్రాక్టు మనిషి. ఈసారి పర్మనెంటు చేసేవాళ్ళ జాబితాలో ఆయన పేరు ఉందని ఊరంతా తెలుసు. ఆర్డరు చేతికొస్తే బ్రహ్మంగారిమఠానికి నడిచొస్తానని ఆయన భార్య మొక్కుకుంది కూడా.

లోపలికి పోయే ప్రతి మనిషి గుండెల మీద ఒక చిన్న బిళ్ళ పెట్టుకోవాలి. అదేమీ కవచం కాదు. ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో అంత గుర్తు పెట్టుకుంటుంది, అంతే. పని అయిపోగానే గేటు దగ్గరి బోర్డుకు, ఎవరి నంబరు కింద వాళ్ళు తగిలించాలి. గేటు దాటి బయటికి పోకూడదు. మూడు నెలలకొకసారి అవన్నీ దూరంగా ఎక్కడో ఉన్న ల్యాబుకు పోతాయి, లెక్క కొన్ని వారాలకు వస్తుంది. మా వరుస బిళ్ళలన్నీ బోర్డు మీదికి వచ్చాయని రిజిస్టరులో సంతకం పెట్టాల్సింది అన్నే.

ఒక శనివారం బస్సుకు ఆలస్యమైంది. నేను గేటు వైపు పరుగెత్తుతుంటే ఆయన వెనకనుంచి, "బిళ్ళ పెట్టినావా పాపా?" అని కేకేశాడు. "పెట్టినా అన్నా" అన్నాను. రోజూ అనే మాటే కాబట్టి నోరు దానంతటది అనేసింది. ఆయన నా మాట నమ్మి సంతకం పెట్టాడు. ముద్దనూరు దాటాక చున్నీ సర్దుకుంటుంటే బిళ్ళ చేతికి తగిలింది. సోమవారం తెల్లారే తగిలిస్తే ఎవరికి తెలుస్తుందిలే అని నన్ను నేనే ఓదార్చుకుని బ్యాగులో వేసుకున్నాను.

ఆదివారం స్నానం చేసి అంగట్లోకి వచ్చేసరికి నాయన కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుని మెషిన్ ముందు కూర్చున్నాడు. నా బ్యాగులోంచి బిళ్ళ తీశాడు. ప్లాస్టిక్ డబ్బీ విప్పి, లోపలి రేకును చిమటాతో పట్టుకుని మెషిన్లో పెట్టాడు.

"దీంట్లో ఏం లేదు మ్మే! మూడు తెల్ల బిళ్ళలు పొదిగినారు, మూడు చోట్లా పెట్టి చూసినా. ఒక్కో చోట రెండు తూర్లు. యాడ గానీ బంగారం లేదు, వెండి లేదు. నీ పానానికి కాపలా అని ఈ రేకుముక్క ఇచ్చినారా వాళ్ళు?"

ఆయన గొంతులో కోపం నిజంగా కోపమే. కూతురికి నకిలీ రక్ష కట్టారని బాధ. నేను రేకు లాక్కుని మళ్ళీ డబ్బీలో పెట్టేశాను. ఆ మూడు తెల్ల బిళ్ళలే రేడియేషన్‌ను గుర్తు పెట్టుకునేవి. వాటి మీదికే ఆరు సార్లు ఎక్స్-రే కొట్టాడు. చెరిపేద్దామంటే అది పలక కాదు.

సోమవారం పొద్దున్నే పోయి, ఎవరూ రాకముందే తగిలించాను. ఎవరికీ చెప్పలేదు.

లెక్క వచ్చిన రోజు సేఫ్టీ ఆఫీసరు నన్నూ అన్ననూ పిలిపించాడు. కోస్తా మనిషి, మెత్తగా మాట్లాడతాడు. "అమ్మా, నీ బిళ్ళలో డోసు చాలా ఎక్కువ చూపించింది. మిగతావాళ్ళవన్నీ మామూలే. ఇదేమిటో నాకు అర్థం కావడం లేదు. వారంలోగా ఈ ఫారం నింపివ్వు. అంతవరకు లోపలికి దిగొద్దు" అన్నాడు. తర్వాత అన్న వైపు తిరిగి, "ఈ అమ్మాయిని ఎక్కడెక్కడికి తీసుకెళ్ళావో అన్నీ రాసివ్వు" అన్నాడు.

ఫారంలో ఒక గడి ఉంది: బిళ్ళ ఎప్పుడైనా బయటికి పోయిందా? పోయింది అని రాస్తే అన్న సంతకం అబద్ధమవుతుంది. పోలేదు అని రాస్తే ఆ డోసంతా ఆయన నన్ను తిప్పిన చోట తగిలిందని అర్థం. ఎటు రాసినా జాబితాలోంచి లేచిపోయేది ఆయన పేరే. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఇదే. అందులో నేను పడలేదు, ఆయనను తోశాను.

ఇంటికి ఫోన్ చేస్తే నాయన, "మన మెషిన్ పేరు రాయాకు. అధికారులు అంగడి మీద పడ్తారు. ఏదో ఒగటి రాసి బయటపడు" అన్నాడు. నేను ఏదీ రాయలేదు. గని ఆఫీసులో ఒక గది చూపించి కూర్చోమన్నారు. పాత రిజిస్టర్లు, ఒక కుర్చీ, ఫారం. సొరంగంలో ఆడని ఊపిరి ఈ గదిలో అసలే ఆడలేదు.

అన్న మాత్రం లోపలికే పోయాడు. నన్ను తిప్పిన ప్రతి చోటికీ మీటరు తీసుకుని మళ్ళీ పోయాడు. మొదటి రోజు, రెండో రోజు, మూడో రోజు. సాయంత్రం దుమ్ముతో నా గది గుమ్మం దగ్గరికొచ్చి, "యాడా కనపడల్యా పాపా. రేపు ఇంగా కింద చూస్తా" అనేవాడు. మధ్యాహ్నం ఇంటినుంచి నాకు రాగిసంగటి, మజ్జిగ తెప్పించేవాడు. నాలుగో రోజు అక్కడే నేల మీద కూలబడ్డాడు. "పెండ్లి కావల్సిన పిల్లవి. మీ నాయన నా చేతిలో పెట్టినట్టు పెట్టినాడు. నా వల్ల నీ ఒంటికేమన్నా అయితే నేనెట్ల బతకాల?" అని కళ్ళు తుడుచుకున్నాడు. ఉద్యోగం మాట ఒక్కటీ రాలేదు ఆయన నోట.

అప్పుడైనా చెప్పాలి కదా. చెప్పలేదు. ఆయన తెప్పించిన సంగటి మాత్రం రోజూ తిన్నాను. నా మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు.

ఆరో రోజు చెప్పాను. శనివారం, బస్సు, అంగడి, నాయన, మెషిన్, అన్నీ చెప్పాను. "నా ఒంటికేం కాలేదన్నా. తగిలింది బిళ్ళకే" అన్నాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండు.

"నా ఉద్యోగం పోతుందని ఈ కత అల్లినావా?"

"కాదన్నా, ఒట్టు."

"బంగారు అంగట్లో ఇట్లాంటి మెషిన్ ఉంటాదా? మళ్ళ ఆ పొద్దు పెట్టినా అంటివే. ఇన్ని దినాలు ఎందుకు చెప్పల్యా?"

ఆయన లేచి మీటరు భుజానికి తగిలించుకుని మళ్ళీ లోపలికి దిగాడు.

ఫారంలో అంతా ఉన్నదున్నట్టు రాసిచ్చాను. ఆఫీసరు చదివి, "ఇప్పుడు లెక్క కుదిరింది" అని ఊపిరి పీల్చుకున్నాడు. నన్ను మందలించి శిక్షణ సాగనిచ్చాడు. అన్న సంతకం విషయం మాత్రం ఆయన చూడనట్టు వదిలేయలేకపోయాడు. ఆ ఏడాది జాబితాలోంచి అన్న పేరు తీసేశారు. మిగిలిన రోజులు అన్న నన్ను ఎప్పటిలాగే వెంట తిప్పాడు, కాకపోతే ఎక్కువ కొలత వచ్చిన చోట తానే ముందుకు పోయి నన్ను దూరంగా నిలబెట్టేవాడు.

ఇప్పుడు నేను ఒక ఆసుపత్రిలో అదే పని చేస్తున్నాను. మొన్నామధ్య పిల్ల పుట్టిందని చెప్పడానికి ఆయనకు ఫోన్ చేశాను. ఇంకా కాంట్రాక్టులోనే ఉన్నాడు. పిల్ల పేరు అడగలేదు, ఎవరి పోలికో అడగలేదు.

"కాళ్ళూ చేతులూ అన్నీ సరిగ్గా ఉండాయా పాపా?" అన్నాడు.

"అన్నీ బాగున్నాయన్నా. ఆ రోజే చెప్పినా గదా, నాకేం కాలేదని."

"నిజం చెప్తాండావా?" అన్నాడు.