తాండూరుకు పోయిన ఎక్స్‌రే

దయ్యాలను నేను నమ్మను. అప్పుడూ నమ్మలేదు. వికారాబాద్‌లో ఊపిరితిత్తుల జబ్బులు చూసే ఒక ఆసుపత్రిలో రికార్డు గది గుమాస్తాగా చేశాను. ఆ గదిలో సగానికి సగం పోయినవాళ్ల కాగితాలే. భయపడేదాన్నయితే మొదటి నెలలోనే మానేసేదాన్ని.

డెబ్బైల చివర్లో ఆ గది నిండిపోయింది. పాత ఎక్స్‌రే ఫిల్ములన్నీ తాండూరుకు తరలించాలని పెద్ద డాక్టరు నిర్ణయించారు. అక్కడ నాపరాతి బండల పాలిషింగు షెడ్ల మధ్య ఒక గోదాము అద్దెకు దొరికింది. రహీం సాబ్ అనే పెద్దాయన దానికి కాపలా.

ఈ సంగతి రోగులకు చెప్పనక్కర్లేదన్నారు. ఎవరైనా పాత ఫిల్ము అడిగితే "రేపు రండి" అనేవాళ్లం. తాండూరు నుంచి రైల్లో తెప్పించి అదే కిటికీలోంచి ఇచ్చేవాళ్లం. అడిగినవాళ్లు అది మా బీరువాలోనే ఉందనుకునేవాళ్లు.

అలా అడిగేవాళ్లలో మర్పల్లి దగ్గరి పల్లె నుంచి వచ్చే మాణెమ్మ ఒకతె. ఆమె కూతురు సుగుణ పదిహేడేళ్లకే మా ఆసుపత్రిలో పోయింది. ఆ పిల్ల ఫొటో ఒక్కటీ లేదు. ఎప్పుడూ తీయించలేదు. మిగిలింది ఛాతీ ఎక్స్‌రే ఒక్కటే.

ఏటా కంది కోతలయ్యాక మాణెమ్మ బస్సెక్కి వచ్చేది. ఫిల్మును వెలుతురుకు పట్టి చూసుకునేది. పక్కటెముకల మీద రాగి తాయెత్తు నీడ ఒకటి తెల్లగా పడింది. ఎక్స్‌రేకు ముందు దాన్ని విప్పడం మరిచిపోయారేమో. దాని మీద వేలు పెట్టి, "ఇది నేను గట్టిందే" అనేది. తిరిగిచ్చేసి వెళ్లిపోయేది. ఆమెకే ఇచ్చేద్దామని పెద్ద డాక్టరును అడిగి చూశాను. నియమం ఒప్పుకోదన్నారు.

ఒక వానాకాలం పొద్దున నేను కిటికీ తెరిచేసరికే ఆమె మెట్ల మీద కూర్చుని ఉంది. అది ఆమె వచ్చే కాలం కాదు.

"అమ్మా, మా సుగుణ ఈడ లేదు గదా?" అంది.

"ఉంది, రేపు రా" అన్నాను అలవాటుగా.

"లేదమ్మా. కల గాదు, పొయ్యి ముట్టిస్తుంటే ఇనబడ్డది. నన్ను బండలకాడికి తెచ్చిండ్రు, మీద నీళ్లు పడుతున్నయి అంటున్నది. ఏ బండలమ్మా అవి? జర చెప్పు."

తాండూరు సంగతి తెలిసినవాళ్లం కొద్దిమందిమే. తర్వాత అందరినీ అడిగాను. చెప్పామన్నవాళ్లు లేరు. గోదాములో నీళ్ల సంగతి అప్పటికి మాకే తెలియదు.

సెలవు పెట్టి ఆమెను వెంటబెట్టుకుని తాండూరు రైలెక్కాను.

రహీం సాబ్ తాళం తీశాడు. గాలికి పైన రేకు ఒకటి పక్కకు జరిగి ఉంది. ఆ సందులోంచి ఒకే ఒక అర మీద నీళ్లు కారుతున్నాయి. సుగుణ ఫిల్ము ఆ అరలోనే ఉంది. కవరు ముద్దయిపోయింది. అయినా బొమ్మ చెదరలేదు. ఎముకలు, తాయెత్తు, అన్నీ ఉన్నాయి.

హమ్మయ్య అనుకున్నాను.

మాణెమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుంది. "తడిసినవా బిడ్డా" అంటూ కొంగుతో తుడవబోయింది.

"తుడవకు, ఆగు!" అని అరిచాను. నానిన ఫిల్ము మీది పూత జిగురులా మెత్తబడుతుంది. నా మాట ఆమె చెవిన పడేలోపే బొమ్మ కొంగుకు అంటుకుని వచ్చేసింది. చేతిలో ఉత్త ఫిల్ము మిగిలింది.

ఆమె ఏడవలేదు. కొంగు మీది నల్లటి మరకనే చాలాసేపు చూసింది. తడి పిండకుండా అలాగే మడిచి గుండెకు అదుముకుంది.

"ఇంటికి పోదాం పా, సుగుణా" అంది.

రహీం సాబ్ గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

ఆమె మళ్లీ మా కిటికీ దగ్గరికి రాలేదు. ఆ చీరను ఉతకనివ్వలేదని ఆ ఊరివాళ్లెవరో చెప్పారు.

ఆ పొద్దున పొయ్యి దగ్గర ఆమెకు వినిపించినదేమిటో ఇప్పటికీ చెప్పలేను. ఒకవేళ పిలిచింది ఆ పిల్లే అయితే, తనను కాపాడమని పిలిచిందో, తీసుకుపొమ్మని పిలిచిందో అదీ తెలియదు.