రెండు మూరల నేల

బి.ఏ. ప్యాసైనవాడికి కొమ్ములు మొలుస్తాయని మా కాలంలో ఎగతాళిగా అనేవారు. నాకు నిజంగానే మొలిచాయి. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఊరి నిండా డేరాలు, డేరాల్లో ఆఫీసులు, ఎవరి నోట విన్నా కొత్త ఉద్యోగాల కబుర్లే. డిగ్రీ అయినవాళ్లకు భూమి కొలవడం, నేలకూ ఇళ్లకూ విలువ కట్టడం నేర్పే ఏడాది చదువు ఒకటి కడపలో ఉందని తెలిసి దరఖాస్తు పెట్టాను. సీటు వచ్చింది. ఆదోని పక్క మా పల్లెలో అంతవరకు అంత చదువు చదివినవాడు లేడు. బస్సెక్కేటప్పుడు మా పెదనాయన భుజం తట్టి, "ఇంక నువ్వు గీసిందే గీతప్పా" అన్నాడు. ఆ మాట నా తలకెక్కింది. ఎక్కించుకున్నది నేనే, ఆయన తప్పేమీ లేదు.

పొద్దున కొలతల పాఠాలు, మధ్యాహ్నం విలువల పాఠాలు. మా మాస్టారు కోపిష్టి, కానీ చక్కగా చెప్పేవారు. "ఈ సీమలో నేలకు ధర లేదు, నీళ్లకే ధర. బావి ఉన్న ఎకరం వేరు, లేని ఎకరం వేరు" అని మొదటి వారమే చెప్పారు. నేను అందమైన దస్తూరీతో నోటు పుస్తకంలో రాసుకుని కింద గీత కూడా గీశాను. పరీక్షలో ఆ ప్రశ్న వస్తే పదికి పది వచ్చేవి.

కొలిచేది ఇనుప గొలుసుతో. అరవై ఆరడుగుల పొడవు, నూరు లింకులు, లింకుకూ లింకుకూ మధ్య చిన్న కడియాలు. రాళ్ల మీద, కంపల మీద ఈడ్చి ఈడ్చి ఆ కడియాలు నోళ్లు తెరుస్తాయి. గొలుసు తెలియకుండానే పొడుగవుతుంది. అందుకని మా ఆఫీసు ఆవరణలో అరవై ఆరడుగుల దూరాన రెండు రాళ్లు పాతి, వాటి మీద గాట్లు పెట్టి ఉంచారు. రోజూ పొలానికి పోయే ముందు గొలుసును ఆ రెండు గాట్ల మధ్య పరిచి చూడాలి. చూశాకే కొలతల పుస్తకం మొదటి పేజీలో "గొలుసు సరిచూడబడినది" అని రాసి సంతకం చెయ్యాలి. చూడకుండా రాసినవాణ్ణి ఆ రోజే ఇంటికి పంపిస్తానని మాస్టారు ముందే చెప్పారు. పంపించారు కూడా. మాలో ఒకతను పరుపుచుట్ట నెత్తిన పెట్టుకుని స్టేషనుకు నడిచిపోవడం మేమంతా చూశాం.

చివరి పరీక్ష పొలంలోనే. రాజంపేట దారిలో ఒక పల్లెలో కొన్ని హద్దు రాళ్లు పడిపోయాయి. తలా ఒక రాయి పంచారు. పాత పటంలోని కొలతల ప్రకారం ఆ రాయి ఎక్కడ ఉండాలో కనిపెట్టి మళ్లీ పాతించాలి. ఆ పొద్దున నేను లేవడమే ఆలస్యమైంది. గేటు బయట బస్సు హారన్ మీద హారన్ కొడుతోంది. గొలుసు లాగే మనిషి, అరవై ఏళ్ల సాయిబు ఒకాయన, గొలుసును ఆ రాళ్ల దగ్గరికి మోసుకుపోతున్నాడు. "నిన్న చూసిందే కదా, రా రా" అని కేకేసి పిలిచాను. బస్సులో కూర్చుని తొడ మీద పుస్తకం పెట్టుకుని "సరిచూడబడినది" అని రాసి సంతకం పెట్టాను. బస్సు కుదుపుకు సంతకం వంకర పోయిందే అని బాధపడ్డాను, ఛీ, దానికి!

నాకు వచ్చిన రాయి ఇద్దరు రైతుల మధ్యది. పడమటి చేను ఒక పెద్ద రైతుది. తూర్పు చేను ఎకరన్నర, ఒక క్రైస్తవ కుటుంబానిది. మొగుడూ పెళ్లామూ ఇద్దరే. ఆయనకు యాభై దాటి ఉంటాయి. ఆ ఊరి చర్చిలో గంట కొట్టేది ఆయనే. ఇద్దరు రైతుల మధ్య తగాదా ఏమీ లేదు. ఎన్నో ఏళ్లుగా మధ్యనున్న మట్టి గట్టునే హద్దనుకున్నారు. గట్టుకు ఇవతల, తూర్పు చేనులో, దాదాపు గట్టును ఆనుకునే ఒక బావి. ఆవిడ చెంబుతో నీళ్లు తెచ్చిచ్చింది. చల్లగా, తియ్యగా ఉన్నాయి.

"ఈ బాయి నేనూ మా యామే మూడు ఎండకాలాలు తవ్వినాం సారూ. కూలోల్లని పెట్టల్యా. దీని మిందనే పసుపు పెట్టుకుంటాండాం" అన్నాడాయన. ఆ బావే వాళ్ల బతుకు. అది చెప్పడానికి ఏ చదువూ అక్కర్లేదు.

పటం ప్రకారం పడమటి మూల రాయి నుంచి సరిగ్గా తొమ్మిది గొలుసుల దూరంలో హద్దు రాయి ఉండాలి. కొలవడం మొదలుపెట్టాం. మూడు గొలుసులయ్యాక సాయిబు ఆగిపోయాడు. గొలుసును అరచేతిలో ఆడించి చూశాడు.

"సార్, ఇది పెరిగినట్టుండాది. కడియాలు శానా నోరు తెరిచినాయి. ఈపొద్దు రాల్ల కాడ చూడల్యా గదా? నిలిపి, రేపు పెట్టుకుందామా?"

చుట్టూ కరణం, ఇద్దరు రైతులు, ఊళ్లో పనిలేనివాళ్లు నలుగురు. అందరి ముందూ నా సంతకం అబద్ధమని చెప్పినట్టయింది. నాకు ఒళ్లు మండిపోయింది. "లాగడం నీ పని. లెక్క నాది. బి.ఏ. చదివింది నువ్వా నేనా?" అని గద్దించాను. కరణం పకపకా నవ్వాడు. సాయిబు తల వంచుకుని గొలుసు ముందుకు లాగాడు. మా నాన్న కంటే పెద్దవాడు.

తొమ్మిదో గొలుసు గట్టు దాటింది. దాటి, బావి అంచున పేర్చిన రాళ్ల మీదికి పోయింది. గొలుసు చివర గుర్తుగా ఇనుప పుల్ల గుచ్చుదామంటే కింద మట్టి లేదు, బావి రాయే ఉంది.

తూర్పు చేను ఆయన, "అదెట్ల సారూ? గట్టు ఆ పక్కనుండాది గదా?" అన్నాడు.

"గట్టు మీరు కట్టుకుంది. ఈ లెక్క గవర్నమెంటుది" అన్నాను. తూర్పు మూల నుంచి కూడా ఒకసారి కొలిచి సరిచూడాలని నియమం. అటంతా కంపచెట్లు, ఎండ నెత్తి మీదికొచ్చింది, బస్సు వేళవుతోంది. అదీ వదిలేశాను. ఆయన భార్య మాత్రం గట్టు దగ్గర నిలబడి, "ఇది తప్పు, ఇంకోపారి కొలవండి" అంటూనే ఉంది. ఆయనే ఆమెను కసిరాడు. "సదివినోల్లు తప్పు కొలుస్తారా? ఊరుకో!"

ఊరుకుంది. రాయి బావి అంచునే పాతించాను. దాంతో బావిలో కొంత పడమటి చేనులోకి పోయినట్టయింది.

మరునాడు తెల్లవారుతుండగా సాయిబు వచ్చి నన్ను లేపాడు. నిన్నటి మాటలు గుర్తున్నట్టు కూడా కనబడనియ్యలేదు. ఆవరణలో రెండు గాట్ల మీద గొలుసు పరిచి ఉంచాడు. "చూడు సార్" అన్నాడు. నాలుగంగుళాలు ఎక్కువ. ఒక గొలుసుకు నాలుగంటే తొమ్మిదింటికి ముప్పై ఆరు అంగుళాలు. రెండు మూరలు. నేను రాయిని రెండు మూరలు తూర్పుకు జరిపేశాను. బావి పూర్తిగా తూర్పు చేనువాళ్లదే, ఒక మూర మిగులుతో సహా.

మాస్టారి గది అక్కడికి ఇరవై అడుగులు కూడా ఉండదు. దీపం వెలుగుతోంది. పోయి చెబితే ఆయన నన్ను ఇంటికి పంపించేవారు, రాయి మళ్లీ సరిగ్గా పాతించేవారు. పరుపుచుట్టతో మా ఊళ్లో బస్సు దిగడం కళ్ల ముందు కనబడింది. సాయిబుతో ఏమన్నానో తెలుసా? "ఆ కడియాలు సుత్తెతో నొక్కెయ్. ఎవరికీ చెప్పొద్దు."

"నేను ఎవరికి చెప్పేది సార్, నా మాట ఎవరింటారు?" అన్నాడు. అని, కూర్చుని ఒక్కొక్క కడియం నొక్కాడు. ఎండెక్కేసరికి గొలుసు మళ్లీ అరవై ఆరడుగులకు వచ్చింది. ఇక నా తప్పుకు సాక్ష్యం సాయిబు తప్ప మరేదీ లేదు. నా బుద్ధి గడ్డి తిన్నది. ఇన్నేళ్లయినా ఈ మాట తప్ప మరో మాట దొరకదు.

పరీక్షలో నాకు ఫస్టు క్లాసు వచ్చింది. కొలతల పుస్తకం శుభ్రంగా ఉందని మాస్టారు క్లాసులో అందరికీ చూపించారు కూడా.

పట్టాలు ఇచ్చే వారంలోనే ఆయన వచ్చాడు, ఆ తూర్పు చేను మనిషి. ఆఫీసు మెట్ల మీద నిలబడ్డాడు, చంకలో ఒక మూట. నన్ను చూడగానే రెండు చేతులూ జోడించాడు. తగాదాకు వచ్చాడనుకున్నాను. అంతకంటే ఎక్కువకే వచ్చాడు.

"శెనక్కాయలు సారూ, మీకని తెచ్చినా" అని మూట నా చేతుల్లో పెట్టాడు. "మీరు రాయి పాతినాక పక్క చేను ఆయప్పకు బాయిలో సగం ఇచ్చేసినా. దినం మార్చి దినం తోడుకుంటాండాం. పసుపు సగం ఎండిపాయ, పోనీలే. మనది గానిది ఎన్నాల్లని తింటాం?"

నేను మూటను మెట్టు మీద పెట్టాను.

"పోయిన ఆదివారం చర్చిలో లేసి నిలబడి సాక్ష్యం చెప్పినా సారూ. పక్కోని నేలలో బాయి తవ్వుకోని ఇన్నేండ్లు ఆ నీల్లు తాగినా, నేను దొంగనని అందరి ముందర ఒప్పుకున్నా. మా యామె నాతో మాట్లాడేది మానేసింది. కొలత తప్పంటాది, పోయి అడుగంటాది. అడగను సారూ. మీరు ఎండలో అంత కష్టపడి కొలిస్తిరి."

చుట్టూ చూశాను. ఎవరూ లేరు. సాయిబు కూడా లేడు. చెప్పడానికి అంతకంటే మంచి అదను ఎవరికీ దొరకదు. "ఆమె చెప్పిందే నిజం. దొంగ నువ్వు కాదు, నేను" అని రెండు ముక్కలు అంటే చాలు. నోటిదాకా వచ్చాయి.

ఆయన కళ్లు తుడుచుకుని, గొంతు తగ్గించి అడిగాడు. "ఒకటే మాట సారూ. తెలిసి చేసింది గాదు. మీరు సదివినోల్లు, చెప్పండి. దేవుడు నన్ను క్షమిస్తాడా?"

ఆయన భుజం మీద చెయ్యి వేశాను. ఆ చెయ్యి విరిగిపోయినా బాగుండేది.

"పొరపాటు ఎవరికైనా జరుగుతుంది పెద్దాయనా. ఒప్పుకున్నావు కదా. క్షమిస్తాడులే" అన్నాను.

ఆయన ముఖం విప్పారింది. వంగి నా కాళ్లకు దండం పెట్టాడు. పెట్టించుకున్నాను.