యాదమ్మ కేస్ షీటు మీద పెన్సిల్ రాత

1978. పాతబస్తీలోని ఒక సర్కారు దవాఖానాలో, ఆడవాళ్ల మెడికల్ వార్డులో నేను ఆయాను. మెడికల్ వార్డంటే కోత లేని జబ్బులది: జ్వరం, షుగరు, గుండె. రోగుల మలమూత్రాల పాన్లు ఎత్తడం, ఒళ్లు తుడవడం నా పని. అక్షరాలు నలభై దాటాక నేర్చుకున్నాను.

మాదన్నపేట మార్కెట్లో ఆకుకూరలు అమ్మే యాదమ్మ ఆ ఎండాకాలం మా వార్డుకొచ్చింది. మూడేళ్ల కింద గర్భసంచికి క్యాన్సరొస్తే కరెంటు పెట్టించుకుని, అంటే రేడియేషన్ తీసుకుని, బాగై మళ్లీ గంప ఎత్తిన మనిషి. ఇప్పుడు ఎముకల గూడయింది. నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి.

రోగి వివరాలు రాసే కేస్ షీటు మీద పాత జబ్బు పేరు ఎర్ర సిరాతో ఉంది. అలాంటి మంచం దగ్గర మా వార్డులో డాక్టర్లెవరూ నిలబడరు. పేరు చదివి, నొప్పికి సూది రాసి, పక్క మంచానికి పోతారు. ఇక పరీక్షలు దండగ అని వాళ్ల లెక్క. మూడో రోజు హౌస్ సర్జన్, చదువు ముగించి పని నేర్చుకునే చిన్న డాక్టరు, డిశ్చార్జి రాశాడు.

“జబ్బు తిరగబెట్టిందయ్యా. ఇంటికి తీసుకెళ్లి, అడిగింది పెట్టండి,” అన్నాడు ఆమె భర్త మల్లేశంతో. మల్లేశం రిక్షా కోసం పోయాడు.

యాదమ్మ నన్ను పిలిచింది. “ఆయమ్మా, జర నీళ్లియ్యవే. పొద్దటిసంది ఇది నాలుగో చెంబు. సచ్చేటోళ్లకు గింత దూపైతదా?”

“సచ్చేటోళ్లు గిన్ని ముచ్చట్లు చెప్పరు. తాగు.”

ఆమె పాన్ బయట పెట్టి, నేను మళ్లీ వచ్చేసరికి దానికి చీమలు పట్టాయి. పక్కనున్న పాన్లకు ఒక్క చీమ లేదు.

మూత్రంలో చక్కెర చూడడం పేరుకు సిస్టర్ల పని, చేసేది మేము. బెనెడిక్ట్ అనే నీలం మందులో మూత్రం ఎనిమిది చుక్కలు వేసి స్పిరిట్ దీపం మీద కాచాలి. చక్కెర లేకపోతే నీలం నీలంగానే ఉంటుంది. యాదమ్మది ఇటుక రంగుకు తిరిగింది.

గాజు గొట్టం తీసుకెళ్లి హౌస్ సర్జన్‌కు చూపించాను.

“ఈ టెస్టు ఎవరు రాశారు? నీ పని నువ్వు చూసుకో.”

“గిది నా పనే సార్. పాన్ ఎత్తింది నేనే.”

మొహం తిప్పుకున్నాడు. కేస్ షీటు ఆయా ముట్టుకోకూడదు. తీసుకున్నాను. ఎర్ర సిరా కింద పెన్సిల్‌తో ‘చక్కెర మస్తున్నది’ అని రాశాను. పెద్ద డాక్టరు రౌండ్స్‌కు రాగానే యాదమ్మ మంచం ముందు అడ్డంగా నిలబడ్డాను.

“ఎవరి రాత ఇది?”

“నాదే సార్. నౌకరి తీస్తే తీయుండ్రి. ముందుగాల గీ గొట్టం సూడుండ్రి.”

ఆయన తన ముందే మళ్లీ కాయించాడు. మళ్లీ ఇటుక రంగే. “జబ్బు తిరగబెట్టిందని ఎక్కడ చూశావు?” అని హౌస్ సర్జన్‌ను అడిగాడు.

ఇంతలో మల్లేశం తలుపు దగ్గరికొచ్చాడు. “రిక్షావాలా లొల్లి పెడుతుండు. ఎక్కియ్యాల్నా, వద్దా?”

“వాపస్ పంపు!” అన్నాను.

ఆ రోజే ఇన్సులిన్ మొదలైంది. క్యాన్సర్ డాక్టర్లు కూడా వచ్చి చూశారు. పాత జబ్బు జాడ లేదు. మూడు వారాలకు యాదమ్మ నడిచి ఇంటికి పోయింది.

క్యాన్సరొచ్చి బతికినవాళ్లకూ అందరికీ వచ్చే రోగాలే వస్తాయి. వాళ్లను మొదటి నుంచి, కొత్తగా చూడాలి. ఆ మంచం దగ్గర నేను నేర్చుకున్నది అదే.

కేస్ షీటు పాడు చేసినందుకు నాకు మెమో ఇచ్చి, సంజాయిషీ అడిగారు. ఎవరితోనూ రాయించుకోలేదు. నేనే రాసిచ్చాను: “రాసిన. మళ్ల గిట్లైతే మళ్ల రాస్త.”