సైరన్‌తో మొదలైన ఆల్బమ్

మా కాలనీలో మధ్యాహ్నం సైరన్ మోగితే ఎందుకని ఎవరూ అడగరు. ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ పెడతారు. పాత క్వార్టర్లు కదా, పెచ్చులూడి నెత్తిన పడతాయని స్టవ్ ఆపేసి, పసివాళ్లను చంకనేసుకుని అందరూ వాకిట్లోకి వస్తారు. నేల ఒకసారి అదురుతుంది. మళ్లీ లోపలికి పోయి ఎవరి పని వాళ్లు చూసుకుంటారు.

అందుకే మా హార్డ్ రాక్ బ్యాండ్ మొదటి ఆల్బమ్‌ను సైరన్‌తోనే మొదలుపెడదామన్నాను. జ్యోతినగర్ నుంచి వచ్చే మా గిటారిస్టు తీగను సాగదీసి సాగదీసి అచ్చం ఆ కూతనే దింపాడు. కూత ఆగాక కాసేపు నిశ్శబ్దం, ఆ తర్వాత డ్రమ్ములు, వాటి మీద నా గొంతు. ఆడపిల్ల ఇట్లా అరుస్తుందా అని చాలామంది అడిగారు. అరుస్తుంది.

ఆ గొంతు మా బాపు ఒక్కసారి వినాలని నా కోరిక. బొగ్గు బాయిలో ఏళ్ల తరబడి డ్రిల్లింగ్ చేసి ఆయన చెవులు పోయాయి. చెవి మిషన్ కొనిస్తే గుయ్‌మంటుందని అల్మారాలో పడేశాడు. నేను పాడడం మొదలుపెట్టేసరికే నా పెదాలు చూసి మాట అర్థం చేసుకునే స్థితికి వచ్చాడు. చిన్నప్పుడు బాయి కబుర్లు మాత్రం బాగా చెప్పేవాడు. పనిలోకి దిగేముందు రాడ్డుతో పైకప్పును కొట్టి, రెండో అరచెయ్యి బండకు ఆనించి, అది గట్టిదో లూజో తెలుసుకోవాలట. "చెవి మోసం జేస్తది బిడ్డా, అరచెయ్యి చెయ్యది" అనేవాడు.

"చెవిటోని ముందు శంఖం ఊదుడేనా?" అని గిటారిస్టు నవ్వితే కొన్నాళ్లు వాడితో మాట్లాడలేదు. సామెత మంచిదే, మా బాపు మీద వాడొద్దు.

ఆల్బమ్ నెట్‌లో పెట్టాం. గోల ఎక్కువ, సంగీతం తక్కువ అని పట్నం నుంచి ఒకాయన రాశాడు. చుట్టాలు హార్ట్ గుర్తులు పెట్టారు, విన్నారో లేదో అనుమానమే. ఇట్లా కాదని, మనవాళ్లకే వినిపిద్దామని, ఒక ఆదివారం మధ్యాహ్నం కాలనీ కమ్యూనిటీ హాల్లో పెద్ద స్పీకర్ బాక్సులు పెట్టించాం. హాలు నిండింది. బాపును ముందు వరసలో, బాక్సు పక్కనే కూర్చోబెట్టాను.

ఆల్బమ్ పెట్టగానే గిటారు కూత మొదలైంది. హాలంతా ఒక్కసారి లేచింది. చెప్పులు కూడా వెతుక్కోకుండా జనం బయటికి నడిచారు. డ్రమ్ములు పడేసరికి కుర్చీలు ఖాళీ. పట్నం ఆయన ఒక్కడే అన్నాడనుకుంటే ఇప్పుడు కాలనీ మొత్తం అదే మాట అన్నదనిపించింది. గుమ్మం దాకా ఉరికాను. అందరూ వాకిట్లో గుంపుగా నిలబడి హాలు కప్పు వంక చూస్తున్నారు.

"గిట్ల లేచి వచ్చిండ్రేందక్కా?" అని మా పక్క క్వార్టర్ అక్కను అడిగాను.

"సైరన్ మోగింది గదనే! నువ్వేంది, ఇంకా గుమ్మంల నిలబడ్డవు? జల్ది రా. మీ బాపేడి?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పుట్టినప్పటినుంచీ ఆ కూత వింటే బయటికి నడిచేవాళ్లకు, కూర్చుని వినమని అదే కూత పెట్టింది నేనే. తల కొట్టుకుని లోపలికి తిరిగాను.

హాల్లో బాపు ఒక్కడే ఉన్నాడు. ఆయనకు సైరన్ వినబడలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని, స్పీకర్ బాక్సుకు అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకున్నాడు. వెళ్లి ఎదురుగా నేల మీద కూర్చుని మోకాలు తట్టాను. కళ్లు తెరిచాడు.

"ఎట్లున్నది బాపూ?" పెదాలు కదిపాను.

"డోలు గాకుండ, పైన ఇంకోటి గుంజుతున్నది. నీ గొంతేనా?" అంత మోతలోనూ ఆయన మాట వినబడింది. చెవులు పోయాక బాపు కేకేసినట్టే మాట్లాడతాడు.

తలూపాను. ఏడుపు ఆగలేదు. ఆయన మాత్రం చెయ్యి తియ్యకుండా ఇంకాసేపు చూశాడు.

"గట్టిగున్నది బిడ్డా. కూలది. దీని కింద షిఫ్టంత పని జేసుకోవచ్చు."

బయటి నుంచి అక్క మమ్మల్ని ఇంకా పిలుస్తూనే ఉంది. మేమిద్దరం లేవలేదు.