ఎర్రచీటీ ఎలుకలకు కొత్తిమీర కాడలు

మా పరిశోధనశాలలో ఎలుకల గదికి పెద్దదిక్కు, మేమంతా పెద్దమ్మ అని పిలిచే ఆమె. పేరుకి ఆమె పని బోనులు కడగడం, రంపపు పొట్టు మార్చడం, నీళ్ల సీసాలు నింపడం. కానీ ఆ గదిలో పెత్తనమంతా ఆమెదే. చేతులు కడుక్కోకుండా అడుగుపెడితే ప్రొఫెసర్‌నైనా గుమ్మంలోనే ఆపేసేది. భర్త పోయాక ఈ పనిలో చేరింది. మంచాన పడ్డ అక్కను ఈ జీతంతోనే సాకుతోంది. నాకా, ముక్కు మీద కోపం. "మెల్లగా తల్లీ, ఎలుకలు జడుసుకుంటాయి" అని నన్ను ఆటపట్టించేది.

నా పని ఒక ఆకు రసం మీద. కోసిన ఆపిల్ ముక్క నల్లబడుతుంది, నిమ్మరసం రాస్తే ఆగుతుంది కదా. విషం ఒంట్లోకి వెళ్లినప్పుడు కాలేయం కూడా అలాగే పాడవడం మొదలవుతుంది. దాన్ని ఆపే గుణం కొన్ని ఆకుల్లో, కాయల్లో ఉంటుంది. నా ఆకులో ఉందో లేదో తేలాలి. తెల్లచీటీ బోనుల్లో ఆరోగ్యంగా ఉన్న ఎలుకలు. పచ్చచీటీ వాటికి విషంతో పాటు ఆకు రసం. ఎర్రచీటీ వాటికి విషం ఒక్కటే. ఎర్రవాటికీ పచ్చవాటికీ తేడా కనబడితేనే నా ఏళ్ల చాకిరీ నిలుస్తుంది.

తేడా కనబడలేదు. ఎర్రచీటీ ఎలుకల కాలేయాలు కూడా ఇంచుమించు బాగానే ఉన్నాయి.

"ఆకు లేకుండానే ఇవి బాగున్నాయంటే, ఆకులో పస లేదమ్మా. వదిలేసి వేరే పని చూసుకో" అన్నారు మా ప్రొఫెసర్.

నేరుగా బోనులు కడిగే గదిలోకి వెళ్లి, నెత్తిన ఉన్న టోపీ తీసి నేలకేసి కొట్టి, భోరుమన్నాను.

"ఏమైందే పిల్లా?" అంది పెద్దమ్మ. ఏడుస్తూనే అంతా చెప్పాను. ఆమె చేతిలో బ్రష్ ఆగిపోయింది.

"ఎర్రచీటీ వాటికి నేను పెట్టానే" అంది నెమ్మదిగా.

"ఏం పెట్టావ్?"

"కొత్తిమీర కాడలు, కారట్ ఆకులు... ఇంట్లో కూర తరగగా మిగిలినవి. పచ్చచీటీ వాటికి మందన్నా పోస్తున్నారు. వీటికి విషం తప్ప ఏముంది? ప్రాణం ఒప్పలేదు."

"నా కొంప ముంచావు కదే!" అని అరిచాను. ఇంకా చాలా అన్నాను. ఆమె కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకుని బయటికి నడిచింది. ఎక్కడికో అనుకున్నాను. వెళ్లి చూస్తే ప్రొఫెసర్ గదిలో నిలబడి ఉంది.

"తప్పు నాదండీ. ఆకునీ పిల్లనీ ఏమనకండి."

బయటి తిండి పెడితే ఉద్యోగం ఊడుతుందని ఆమెకి తెలుసు. నోరు మూసుకుని ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. మంచి ఆకు పనికిరానిదనే ముద్రతో చెత్తబుట్టలోకి పోయేది, దాని వెనకే నేనూ. అప్పటిదాకా బుసలు కొడుతున్న నా కోపం చప్పున చల్లారింది.

ప్రొఫెసర్ నా ఫలితాల పుస్తకం తెరిచి ఎర్రచీటీ పేజీలు తిరగేశారు. చివరికి, "అయితే ఈమె కాడలు కూడా పని చేసినట్టున్నాయే!" అన్నారు. "మళ్లీ మొదటినుంచి చెయ్యి. ఈసారి బోనుల దగ్గర ఇంకొకర్ని పెడదాం."

"వద్దు సార్, పెద్దమ్మే ఉండాలి. తన మీదకే వచ్చే నిజం చెప్పిన మనిషిని కాదని ఇంకెవర్ని నమ్మను?" అన్నాను. ఆయన గొణిగారు గానీ ఒప్పుకున్నారు.

రెండోసారి పెద్దమ్మ గదిలోకి ఒక్క కాడ కూడా తేలేదు. ఎర్రచీటీ బోనుల పొట్టు మార్చేటప్పుడు మాత్రం ముక్కు ఎగబీలుస్తూ ఉండేది. నేను చూసీ చూడనట్టు పక్కకి తప్పుకునేదాన్ని.

ఫలితం వచ్చిన రోజు ఎలుకల నుంచి తీసిన కాలేయాల పళ్లేలు బల్ల మీద పెట్టాం. పచ్చచీటీ కాలేయాలు ముదురు ఎరుపుతో నున్నగా ఉన్నాయి. ఎర్రచీటీవి పాలిపోయి, కొవ్వు పట్టి ఉన్నాయి. మనుషుల దాకా రావడానికి ఇంకా బోలెడు దారి ఉంది గానీ, ఆకు మాత్రం నిలబడింది. ప్రొఫెసర్ నా భుజం తట్టారు. నేను పరుగున వెళ్లి పెద్దమ్మను వాటేసుకున్నాను.

"నీ రుణం తీర్చుకోలేను పెద్దమ్మా."

ఆమె నన్ను విడిపించుకుని, ఎర్రచీటీ పళ్లెం ముందుకి తీసుకెళ్లింది.

"నాకెందుకే? ప్రాణం పోగొట్టుకున్న వీటికి ముందు ఆ మాట చెప్పు."

చెబుదామని నోరు తెరిచాను. ఏడుపు తప్ప మాట రాలేదు. పెద్దమ్మే నా చెయ్యి పట్టుకుని, నా బదులు ఆ పళ్లేనికి చెప్పింది.