రెండు టిక్కెట్ల ప్రయాణికుడు

మొన్న ఆదివారం మా మనవరాలు హైదరాబాదు నుంచి వచ్చింది. చదివింది కంప్యూటర్లు, చేస్తున్న ఉద్యోగమూ వాటితోనే, కానీ సినిమాలకు కథలు రాయాలని ఆ పిల్లకు మహా కోరిక. వచ్చీ రాగానే కాళ్ళైనా కడుక్కోకుండా ఫోను తీసి నా ముందు బల్ల మీద పెట్టి, కర్నూలు, కడప జిల్లాలన్నీ తిరగబోతున్నానని, ఇంతవరకు తెర మీద కనిపించని మనుషుల కథలు తనకు కావాలని, ముప్పై ఏళ్ళు బస్సులో కండక్టరుగా తిరిగినవాడివి గనక నీ దగ్గరే మొదలుపెడుతున్నానని చెప్పింది. ముద్దుగా దగ్గరికి తీసుకోవలసింది పోయి నేను చేసిన మొదటి పని, ఆ ఫోను అప్పటికే నా మాటలు ఎక్కించుకుంటోందేమోనని కళ్ళద్దాలు సర్దుకుని వంగి చూడడం. రెండోది, ఈ కథలు తీసుకుపోయి ఎవరి చేతిలో పెడతావని అడగడం. పిల్ల నొచ్చుకుంది. సొంత మనవరాలిని కూడా నమ్మవా అని మా ఇంటామె వంటింట్లోంచి చీవాట్లు పెట్టింది. నమ్ముతాను, కానీ నాకు నమ్మడానికి కొంచెం టైము పడుతుంది.

నా తోటివాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్ళకు తెలుస్తుంది, ఆ రోజుల్లో కండక్టరు ఉద్యోగం మనిషిని ఎలా మార్చేసేదో. నంద్యాలలో ఎక్కినవాడు ఆళ్ళగడ్డలో ఎక్కానంటాడు, మీసాలు మొలుస్తున్న కొడుకును ఒళ్ళో కూర్చోబెట్టుకుని అరటిక్కెట్టు చాలంటుంది తల్లి, కళ్ళు మూసుకున్నవాడు నిజంగా నిద్రపోతున్నాడో టిక్కెట్టు ఎగ్గొట్టడానికి నటిస్తున్నాడో భుజం తట్టి చూడాలి. వీళ్ళందరినీ దాటుకుంటే, ఏ మలుపులో చెకింగువాళ్ళ జీపు కాచుకుని ఉంటుందో తెలియదు. పొద్దంతా ఇలా మనుషుల మొహాలు అనుమానంగా చూసి చూసి ఇంటికి వస్తే, అమ్మ పెట్టిన సంగటిలో కూడా ఏదో తక్కువైనట్టే ఉండేది. పెళ్ళిచూపుల్లో మా ఇంటామెను వయసెంతని అడిగి, చెప్పాక, పుట్టింది ఏ సంవత్సరమని మళ్ళీ అడిగానట. ఆమె ఇప్పటికీ ఈ సంగతి నలుగురిలో చెప్పి నవ్విస్తుంటుంది.

అయితే ఆ అనుమానం పక్కనే నాకు ఇంకో పిచ్చి కూడా ఉండేది, కథలు రాయాలని. కర్నూలు నుంచి కడపకు పోయే నా బస్సులో మంత్రాలయం చూసి వస్తున్న కన్నడంవాళ్ళు, అహోబిలం మెట్లెక్కి కాళ్ళు పట్టేసిన ముసలమ్మలు, అత్తరు సీసాల పెట్టె ఒళ్ళో పెట్టుకున్న కర్నూలు సాయిబులు, పసుపు ధర గురించి వాదులాడుకుంటూ మైదుకూరులో దిగే రైతులు ఎక్కేవాళ్ళు, ఒకే సీట్లో మూడు రకాల తెలుగు వినబడేది. డబ్బును దుడ్లు అనేవాడి పక్కన పైసలు అనేవాడు కూర్చుని, ఇద్దరూ ఒకే బీడీ కట్టలోంచి తీసుకునేవాళ్ళు. నేను విన్నది విన్నట్టు పాత కాగితాల వెనకాల రాసుకుని, ఇంటికి వచ్చి నోటుబుక్కులోకి ఎక్కించేవాణ్ణి. దాన్ని ఎవరికీ చూపించేవాణ్ణి కాదు. చూసినవాడు కథ ఎత్తుకుపోయి పత్రికకు పంపితే నా గతేమిటని భయం. నోటుబుక్కును ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకుని తిరిగేవాణ్ణి.

అందులో అన్నిటికన్నా భద్రంగా దాచుకున్నది ఒక దూదేకుల మామ కథ. మామ అని పిలిచేవాణ్ణే గాని చుట్టరికం లేదు, మా వైపు అందరూ అలాగే వరసలు కలుపుకుంటారు. మైదుకూరు దాటాక ఒక పల్లె క్రాసు దగ్గర ఎక్కి, దూదేకే విల్లును బస్సు పైన కట్టించి, ఊరూరా పరుపులు కుట్టడానికి పోయేవాడు. నమాజు చేసే మనిషే, ఇంట్లో మాట్లాడేది మాత్రం నాకన్నా చిక్కటి తెలుగు. ఏటా ఉగాదినాడు కూతుర్ని వెంటబెట్టుకుని బెల్లం, పూలు పట్టుకుని కడప ఊళ్ళోని దేవుని కడప గుడికి పోయేవాడు. బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడబిడ్డ అని, వెంకటేశ్వరస్వామి తమకు అల్లుడని ఆ వైపు ముస్లిముల నమ్మకం, ఉగాదికి అల్లుడి గుడికి పోవడం తరాలుగా వస్తున్న ఆచారం.

ఒక ఉగాదికి ఆయన ఒక్కడే ఎక్కి కడపకు రెండు టిక్కెట్లు అడిగాడు. రెండో మనిషేదంటే డబ్బులు నా చేతిలో పెట్టి లోపలికి పోయాడు. తను ఇవతల కూర్చుని, కిటికీ పక్క సీట్లో గాజుల పొట్లం ఒకటి పెట్టాడు. ఇదేదో చెకింగువాళ్ళు నాకు వేసిన ఎత్తని అనుమానమొచ్చి, బస్సు మొత్తం రెండుసార్లు తలలు లెక్కపెట్టి, చివరకు ఆయన ముందుకు పోయి నిలబడి గట్టిగా అడిగాను. అప్పుడు చెప్పాడు, ఆ చలికాలంలో జ్వరమొచ్చి పాప పోయిందని, వచ్చే ఉగాదికి తప్పకుండా కిటికీ పక్కన కూర్చోబెడతానని పాపకు మాటిచ్చి ఉన్నానని. పాపకని కొన్న గాజులు నాంచారమ్మకు ఇచ్చి వస్తాడట, ఆమె కూడా మా ఇంటి పిల్లే కదా అన్నాడు. నేను బస్సు వెనక్కి పోయి కడప వచ్చేదాకా మొహం కిటికీ బయటికి పెట్టుకుని నిలబడ్డాను.

తర్వాతి ఏడు మద్రాసు నుంచి ఒక సినిమా ఆయన వచ్చి కర్నూలులో దిగాడు. పెద్ద దర్శకుడి దగ్గర పనిచేసేవాడు, సన్నటి మనిషి, చొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్నులు. కార్లో తిరిగితే మనుషులు దొరకరని మా బస్సులో ముందు సీట్లో కూర్చుని కడప దాకా వచ్చి, మళ్ళీ అదే బస్సులో వెనక్కి పోయేవాడు. నేను కథలు రాస్తానని మా డ్రైవరన్న ఆయన దగ్గర నోరు జారాడు, అప్పటినుంచి నన్ను వదిలితే ఒట్టు. సినిమాల్లో ఊళ్ళన్నీ కాలవ గట్ల మీదే ఉంటాయని, అందరూ ఒకే తెలుగు మాట్లాడతారని, సాయిబు వేషమొస్తే అరువు తెచ్చిన యాసతో నవ్వించి పోతుందని, మీ ఎండలో, మీ మాటలో, మీ బస్సులో ఎక్కే ఇన్ని రకాల మనుషులతో ఒక సినిమా తీయాలని ఉందని చెప్పేవాడు. ఏళ్ళుగా నా కడుపులో ఉన్న మాట ఇంకొకరి నోట వినేసరికి ఎంత మురిసిపోయానో చెప్పలేను. ఆ మురిపెంలోనే, మీకు ఒక మనిషిని చూపిస్తాను, ఆయన కథ ఆయన నోటితోనే వినండి అని మాట జారాను. మామను అడిగితే కాసేపు ఆలోచించి ఒప్పుకున్నాడు. సినిమాలో వస్తే మా పాపను ఊరూరా చూస్తారు కదప్పా అన్నాడు. గురువారం మా బస్సుకు క్రాసు దగ్గర ఉండమని చెప్పాను.

ఆ గురువారం ఆళ్ళగడ్డలో టీకి ఆగినప్పుడు సినిమా ఆయన కిందికి దిగాడు, ఆయన రాసుకునే నోటుబుక్కు సీటు మీదే ఉంది. కండక్టరు బుద్ధి ఊరుకుంటుందా, తెరిచి చూశాను. వారం రోజులుగా నేను చెప్పిన కబుర్లన్నీ పొల్లుపోకుండా ఉన్నాయి. అట్ట లోపల పెద్ద అక్షరాలతో ఆయన పేరు, నా పేరు ఎక్కడా లేదు. నా సరుకంతా మూటగట్టుకుని పోతున్నాడని, మామ కథ కూడా ఈయన పేరు కిందే పోతుందని ఒళ్ళు మండింది. ఎవరి నోటుబుక్కు మీద వాళ్ళ పేరే ఉంటుందన్న సంగతి ఆ పూట నా బుర్రకు తట్టలేదు. చాగలమర్రి దాటింది, మైదుకూరు దాటింది, నేను ఎవరికి ఏ టిక్కెట్టు ఇస్తున్నానో నాకే తెలియదు.

క్రాసు దగ్గర మామ నిలబడి ఉన్నాడు. ఉతికిన తెల్లబట్టలు, కొత్త టోపీ, చేతిలో విల్లు లేదు. దూరం నుంచే చెయ్యెత్తాడు. మా బస్సులో తాడు లాగితే డ్రైవరు దగ్గర గంట మోగేది, ఒకటి కొడితే ఆపాలి, రెండు కొడితే పోవాలి. నేను రెండు కొట్టాను. డ్రైవరన్నకు మామ బాగా తెలుసు, అద్దంలోంచి నా వైపు చూశాడు. నేను మళ్ళీ రెండు కొట్టాను. బస్సు ఆగకుండా పోయింది, మామ చెయ్యి దించుకోవడం వెనక అద్దంలోంచి నాకు కనిపించింది.

మీ మనిషి ఏడని సినిమా ఆయన అడిగాడు. ఊళ్ళో లేడని చెప్పాను. ఆయన మొహం వాడిపోవడం చూసి, ఉత్త చేతులతో పంపితే మళ్ళీ వెతుక్కుంటూ వస్తాడేమోనని భయపడి, కడప చేరేలోగా ఒక కథ అల్లి చెప్పాను. రెండు వంశాలు, ఒక గట్టు తగాదా, వేటకొడవళ్ళు, నాటుబాంబులు, పగ తీరేదాకా జడ వేసుకోనని శపథం పట్టిన ఒక ఆడకూతురు. మా వైపు పగలు లేవని అనను, కానీ అలాంటి ఇంటి గడప నేనెన్నడూ తొక్కింది లేదు, సగం వీధినాటకాల్లోంచి తెచ్చి అతికించాను. ఆయన తలెత్తకుండా రాసుకున్నాడు. మోసగాణ్ణి మోసం చేశానని ఆ రోజు నాకు మహా గర్వంగా ఉండింది.

ఏడాదిన్నరకు ఆ సినిమా కర్నూలుకు వచ్చింది. డ్రైవరన్నా నేనూ మొదటి ఆటకే పోయాం. పేర్లు పడుతుంటే ఒకచోట కథా సహకారం అని, దాని కింద నా పేరు, ఇంటిపేరుతో సహా, ఊరుతో సహా. డ్రైవరన్న ఈల వేశాడు. సినిమా ఆయన దొంగ కాదు, నేను చెప్పిన అబద్ధానికి కూడా నా పేరు మర్చిపోకుండా తెర మీద పెట్టిన మర్యాదస్తుడు. అక్కడినుంచి రెండున్నర గంటలు మా సీమవాళ్ళు నా పేరు మీద ఒకర్నొకరు నరుక్కున్నారు. మధ్యలో ఒక సాయిబు వచ్చాడు, గంపలో బాంబులు మోసుకుంటూ, అదే అరువు యాసతో. తర్వాత అలాంటివి ఎన్నో వచ్చాయి. వాటన్నిటికీ నేనే మూలమనుకునేంత గొప్పవాణ్ణి కాను, కానీ ఆ పాపంలో నా పాలు కొంత ఉంది.

మామ ఆ తర్వాత కూడా మా బస్సు ఎక్కుతూనే ఉన్నాడు. ఆ గురువారం ఎందుకు ఆపలేదని అడిగితే చెప్పడానికి నాలుగైదు అబద్ధాలు సిద్ధం చేసుకున్నాను, ఆయన అడగలేదు. సినిమా మైదుకూరుకు వచ్చిన వారంలో, టిక్కెట్టు తీసుకుంటూ, నా మొహం చూడకుండా అన్నాడు.

"నీ పేరు పడిండాదని సదివినోళ్ళు చెప్పినారప్పా. మా పాప యాడన్నా కనపడతాదేమో అని కడదాకా సూస్తానే ఉంటి."

ఆ గొంతులో కోపం లేదు, ఉన్నా బాగుండేది. తప్పయిందని చెప్పకుండానే వెనక సీటుకు జరిగిపోయాను. అప్పుడు పడిన సిగ్గు ఇప్పటికీ పోలేదు. కొన్నాళ్ళకు నన్ను వేరే రూటుకు మార్చారు, ఇంకొన్నాళ్ళకు మామ పోయాడని డ్రైవరన్న చెప్పాడు. నోటుబుక్కులో రాసుకున్న ఆ కథను నేను ఎక్కడికీ పంపనూ లేదు, ఇంకొకరికి ఇవ్వనూ లేదు.

ఇప్పుడు చాలా బస్సుల్లో కండక్టర్లే లేరు, డ్రైవరే మిషను మీద టిక్కెట్టు కొట్టి ఇస్తున్నాడు, పక్క సీటువాడు ఏ ఊరివాడో అడిగేవాళ్ళు కూడా తగ్గిపోయారు. సినిమాలు మాత్రం మారాయి. హాల్లో తెర మీద ఎవరో 'ఏం చేస్తాండావప్పా' అంటే పిల్లలు చప్పట్లు కొడుతున్నారు, ఆ మాట అన్నవాడి చేతిలో కొడవలి ఉండాలనే నియమం కూడా లేదిప్పుడు. సంతోషమే, కానీ ఆ సంతోషంలో కూర్చోవలసిన మనుషులు కొందరు లేరు.

ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక ఫోను పెట్టుకోమని నేనే పిలిచి, మనవరాలికి మొత్తం చెప్పాను, గంట కొట్టిన సంగతితో సహా. పిల్ల కళ్ళు తుడుచుకుని, ఆ పాప పేరేంది తాతా అని అడిగింది. చెప్పబోయి ఆగిపోయాను. ట్రంకుపెట్టెలోంచి ఆ పాత నోటుబుక్కు తీసి పేజీ పేజీ వెతికాను, అంతటా పాప అనే రాసి ఉంది. ఎన్నో ఉగాదులు నా బస్సులో వచ్చిన పిల్ల, అరటిక్కెట్టు కోసం వయసు అడిగానే గాని పేరు ఒక్కసారీ అడగలేదు. పోనీలే, ఏదో ఒక పేరు పెట్టుకుందాం, సినిమానే కదా అంది మనవరాలు. వద్దని, ముందు ఆ పల్లెకు పోయి తెలిసినవాళ్ళు ఎవరైనా మిగిలారేమో కనుక్కోమని చెప్పాను. మైదుకూరు నుంచి కడప చేరేలోగా రెండు వంశాలనూ వాళ్ళ చావులనూ కల్పించినవాణ్ణి, ఆ బిడ్డకు ఒక్క పేరు కల్పించలేకపోయాను.